టేపు చివర మిగిలిన రెండు నిమిషాలు

(నెల్లూరులో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకూ, వాళ్ల పెద్దలకూ ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండయ్యా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిలకాయలు చాప మీద కూర్చోండి. ఆ తంబూరా పెట్టె కొంచెం పక్కకు జరపండి నాన్నా, వాళ్లకు కనపడటం లేదు.

నేను ముప్ఫై ఏళ్లుగా సంగీతం చెప్తున్నాను. కానీ నాకు వినడం నేర్పింది మా నాన్న అంగడి. ట్రంకు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, ఆరడుగుల వెడల్పున ఉండేది. 1982లో తెరిచాడు, 1999లో మూశాడు. ఖాళీ క్యాసెట్ మీరు తెచ్చుకున్నా సరే, ఆయన దగ్గర కొనుక్కున్నా సరే, చీటీ మీద కావలసిన పాటలు రాసిస్తే ఎక్కించి ఇచ్చేవాడు. ఆ రోజుల్లో ప్రతి ఊళ్లో ఇట్టాంటి అంగళ్లు నాలుగైదు ఉండేవి. ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు.

ఒక మాట ముందే చెప్పాలి. అవన్నీ అనుమతి లేని నకళ్లే. పాట రాసినాయనకు గానీ, బాణీ కట్టినాయనకు గానీ అందులోంచి పైసా పోలేదు. నాన్నకు ఆ సంగతి ముల్లులాగా ఉండేది. అందుకే క్యాసెట్ డబ్బాలో పెట్టే అట్టమీద పాట పేరు కింద రెండో వరుసలో రాసినాయన పేరు, కట్టినాయన పేరు, పాడినవాళ్ల పేర్లు తప్పకుండా రాసేవాడు. ఆ పరిహారం చాలదని నాకూ తెలుసు. కానీ ఆ అట్టలు రాసింది నేను. సంగీత దర్శకుల పేర్లు, కవుల పేర్లు నాకు వచ్చింది బళ్లో కాదు, ఆ అట్టలు రాసి రాసి.

చీటీ చేతికిచ్చినాక నాన్న మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఎవరికి? యాడ వింటారు? ఎన్ని గంటలప్పుడు వింటారు? కొందరికి విసుగొచ్చేది. "పాటలు ఎక్కించయ్యా అంటే పోలీసు మాదిరి అడుగుతావేంది" అని పక్క అంగడికి పోయినవాళ్లూ ఉన్నారు. ఉన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చారు.

కలకత్తా లైనులో లారీ తోలే ఒకాయన ఉండేవాడు. మద్రాసులో చీకటి పడ్డాక బయల్దేరితే నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి దాటుకుని తెల్లారేసరికి ఒంగోలు దాటిపోవాలి. నిద్ర రాకుండా అన్నీ హుషారు పాటలే వెయ్యమన్నాడు. నాన్న వెయ్యలేదు. వరసగా అయిదు ఉరుకు పాటలు వింటే చెవి మొద్దుబారిపోతుంది, ఆరోదానికి కన్ను మూతపడుతుంది అన్నాడు. మొదటి వైపు ఆయన అడిగినవి కొన్ని వేసి, రెండో వైపు, అంటే తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళకు వేసుకోవాల్సిన వైపు, నాటకం పద్యాలు పెట్టాడు. "వినే పాటకు జోగుతావు. పద్యమైతే నువ్వు కూడా ఎత్తుకుంటావు, నోరు ఆడుతుంటే నిద్ర రాదు" అన్నాడు. ఆ మనిషి పది పన్నెండు రోజులకు తిరిగొచ్చి, ఇంకో క్యాసెట్ నిండా పద్యాలే కావాలన్నాడు.

పద్యాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పద్యనాటకం చూసినవాళ్లకు వన్స్‌మోర్ అంటే ఏందో తెలుసు. నటుడు పద్యం చదివి రాగం తీస్తాడు. జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. ఆయన మళ్లీ చదువుతాడు, ఈసారి రాగం ఇంకొంచెం పొడుగు. అట్టా ఊరూరా, రాత్రి రాత్రికీ జరిగి జరిగి, పద్యం చివర రాగం పద్యంకన్నా పెద్దదైపోయింది. నాటకం నడక దెబ్బతిన్నది అని కొందరు బాధపడతారు, వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ ఆ హార్మోనియం, ఆ గమకం, ఆ ఊపిరి, అదొక విడి విద్యగా తయారైంది. ఎవరు తయారుచేశారు? నటుడు ఎంతో, కింద గోనెపట్టా మీద కూర్చుని అరిచినాయన అంతే. వినేవాడి రుచి పాడేవాడి గొంతులోకి పోయి కూర్చుంటుంది. మనం ఏది మళ్లీ అడిగితే అది పెరుగుతుంది.

మన దగ్గరే ఇంకో సంగతి చూడండి. ఒంగోలు పక్కన కరవది. 1924లో అక్కడ పుట్టారు షేక్ చినమౌలానా గారు. నాదస్వరం వాళ్లింటి విద్య. ఇక్కడి బాణీ ఆయనకు చిన్నప్పుడే వచ్చేసింది, కచేరీలు చేసుకుంటూ హాయిగా బతకొచ్చు. కానీ తమిళదేశపు నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్లై గారి వాయింపు మీద, ఆ తంజావూరు బాణీ మీద మనసు పడింది. అప్పటికే పేరున్న విద్వాంసుడు, మళ్లీ శిష్యుడై నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకున్నారు. తర్వాత శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. నేను పిల్లలకు ఈ కథ ఎందుకు చెప్తానంటే, ఆయన ముందు విన్నారు. విన్నవాటిలో ఒకటి ఏరుకున్నారు. ఏరుకున్నదాని కోసం ఊరు మారారు. "నాకు ఫలానాది ఇష్టం" అని మనం ఫోనులో గుండె బొమ్మ నొక్కి వదిలేస్తాం. ఇష్టం అంటే ఆయనది.

ఇక పెద్ద లెక్క చెప్తాను. అన్నమయ్య ముప్ఫై రెండు వేల సంకీర్తనలు చెప్పాడంటారు. తిరుమల కొండమీద సంకీర్తన భండారంలో రాగి రేకులమీద దొరికినవి పన్నెండు వేలకు పైమాటే. రేకుమీద రాగం పేరుంది, సాహిత్యం ఉంది. స్వరం లేదు. ఎట్టా పాడేవారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీలో ఎవరినైనా నిలబెట్టి అన్నమయ్య కీర్తనలు ఎన్ని వచ్చు అంటే ఇరవై చెప్తారు, బాగా నేర్చినవాళ్లు యాభై చెప్తారు. ఈ యాభై ఎట్టా వచ్చాయి? ఆ రేకులు చదివి పరిష్కరించినవాళ్లున్నారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటివాళ్లు. వాటిలోంచి కొన్ని ఏరి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వరపరిచారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు కొన్ని, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఎన్నో. వాళ్లు ఆ రేకుల ముందు కూర్చున్న క్షణం ఊహించండి. వేల పాటలు, అన్నీ మౌనంగా ఉన్నాయి. ఏది తీసుకోవాలి? ఏ పల్లవి చూసి ఆ చెయ్యి ఆగింది? అట్టా ఆగినచోట మాత్రమే పాటకు ప్రాణం వచ్చింది. తక్కినవి ఇంకా రేకుమీదే ఉన్నాయి. మీరు పాడే అన్నమయ్యలో సగం అన్నమయ్య, సగం ఆ ఏరినవాళ్ల చెవి.

త్యాగరాజస్వామి సంగతీ అంతే. వాళ్ల ఇంటిపేరు కాకర్ల, మన అర్ధవీడు దగ్గర కాకర్ల వాళ్ల పూర్వీకుల ఊరని చెప్తారు. ఆయన కాలంలోనే కృతులు కట్టిన శ్యామశాస్త్రి గారి పెద్దలది కంభం ప్రాంతమంటారు. వాళ్లెప్పుడో దక్షిణానికి పోయారు, అది వేరే కథ. త్యాగయ్య గారు పాడుకుంటూ పోతే రాసిపెట్టింది శిష్యులు. వాలాజాపేట వాళ్లది ఒక పాఠం, ఉమయాళ్‌పురం వాళ్లది ఒకటి, తిల్లైస్థానం వాళ్లది ఒకటి. ఒకే కృతి మూడు చోట్ల మూడు రకాల సంగతులతో, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులతో ఉంటుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల్లోని కృతులను ఒక మాలగా గుచ్చి పంచరత్నాలు అన్నది కూడా తర్వాతివాళ్లే. ఇవాళ త్యాగరాజ ఆరాధన అంటే ఆ అయిదూ తప్ప ఇంకోటి తోచదు మనకు. గుచ్చినవాళ్ల పేరు ఎవరూ తలుచుకోరు. నేను ప్రతి ఏడూ తలుచుకుంటాను.

కచేరీలో వర్ణంతో మొదలుపెట్టి, కృతులు, మధ్యలో విస్తారమైనదొకటి, చివర తేలికపాటివి, ఈ వరస శాశ్వతంగా ఉన్నదని అనుకుంటాం. గాయకుడు అరియక్కుడి రామానుజయ్యంగార్ గారి చేతిలో స్థిరపడిన వరస అది, సుమారు నూరేళ్ల కిందటి మాట. అంతకుముందు ఒక రాగం, ఒక పల్లవి, అంటే ఒకే పాదాన్ని పట్టుకుని విస్తరించడం, గంటలకొద్దీ పట్టేది. వరస మారేసరికి కృతులు ఎక్కువ నేర్చుకోవాల్సి వచ్చింది, పల్లవి కుదించుకుపోయింది. ఏ పాట తర్వాత ఏ పాట అన్నదొక్కటి మారితే విద్యార్థి నేర్చుకునేదే మారిపోయింది.

రేడియో గురించి కొంచెం. 1952లో కేశ్కర్ గారు కేంద్రంలో సమాచార, ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గించేశారు. శాస్త్రీయ సంగీతం వింటే దేశం బాగుపడుతుందని ఆయన నమ్మకం. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే సిలోను రేడియో పెట్టుకున్నారు. చివరికి 1957లో ఆకాశవాణే సినిమా పాటలు వేసే వివిధభారతి తెచ్చింది. బలవంతంగా పెట్టే రుచి నిలబడదని దాన్ని బట్టి తెలిసింది. అదే ఆకాశవాణిలో, విజయవాడ కేంద్రంలో, బాలాంత్రపు రజనీకాంతరావు గారు భక్తిరంజని నడిపించారు. తత్త్వాలు, కీర్తనలు, ఎవరూ పట్టించుకోని పల్లెపాటల వరసలు, పొద్దున్నే ఒక పద్ధతిలో వచ్చేవి. ఎవరూ బలవంతపెట్టలేదు. జనం రేడియో పెట్టుకుని కళ్లాపి చల్లుకున్నారు. రెండూ ఎంపికలే. ఒకటి జనాన్ని దిద్దుదామని చేసింది, ఇంకోటి వాళ్లతో పంచుకుందామని చేసింది.

సరే, నా అంగడికి వస్తాను.

తొంభై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు నలభై అయిదు. పాత పాటలు మూడు, మూడున్నర నిమిషాలుండేవి. నిమిషానికి 78 తిరుగుళ్లు తిరిగే పాత రికార్డుమీద ఒక వైపు పట్టేది అంతే మరి, ఆ కొలతకే పాట కట్టేవాళ్లు. వైపుకు పన్నెండు, పదమూడు పాటలు పడితే చివర ఒకటిన్నర నిమిషమో రెండు నిమిషాలో మిగిలేది. పక్క అంగళ్లలో అక్కడ ఇంకో పాట మొదలుపెట్టేసేవాళ్లు, సగంలో టేపు అయిపోయేది. నాన్న సగం పాటను ఓర్చుకోలేడు. ఆయన పని చేసే తీరే అంత. డెక్కు హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో రోజూ తుడిచేవాడు. క్యాసెట్ మొదట్లో పాట ఎక్కని తెల్ల టేపును పెన్సిలుతో తిప్పి దాటించేవాడు. వేగంగా ఎక్కించే బటన్ ఉన్నా నొక్కేవాడు కాదు, పాట నడిచినంతసేపూ కూర్చుని వినేవాడు. వినకుండా ఎట్టా ఇస్తాం అనేవాడు. ఆయన వింటే నేనూ వినాలి కదా, బడి అయిపోయినాక నా హోంవర్కు అక్కడే.

ఒకరోజు రెండు నిమిషాలు మిగిలితే నాన్న మైకు తీసి నా ముందు పెట్టాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. "ఏదో ఒకటి పాడు, ఖాళీగా పోనీకుండా" అన్నాడు. వచ్చిన పాట ఎత్తుకున్నాను. ఆపేశాడు. "ముందు పాట యాడ ఆగిందో విన్నావా? ఆ శ్రుతి ఇంకా వినేవాళ్ల చెవిలో ఉంటుంది. దాన్ని తొక్కేస్తే ఎట్టా? అక్కణ్నించి ఎత్తుకో" అన్నాడు.

అమ్మా, నాన్నా, ఈ మాట బాగా వినండి. ఆ రోజుకు నాకు సరళీ స్వరాలు, జంట స్వరాలు వచ్చు, గీతాలు నాలుగొచ్చు. కానీ ఒక పాట ముగిసిన చోటును వినడం, అక్కణ్నించి ఎటు పోవచ్చో వెతకడం, ఆ రోజు మొదలైంది. ముందు పాట కల్యాణి రాగంలో ఆగితే నేను యాడికి పోవాలి? అందులోనే ఉండనా, పక్కకు తిరగనా? సాహిత్యం లేకుండా ఆలాపన చెయ్యనా? తెలిసిన పాటలేవీ ఆ రెండు నిమిషాల్లో సరిగ్గా పట్టవు. పట్టకపోతే నేనే కట్టాలి. అట్టా నా మొదటి బాణీ పుట్టింది. దాని పొడవు నిమిషం నలభై సెకన్లు. పన్నెండు పాటలు ఎవరో ఎవరికోసమో ఏరుకున్నారు కాబట్టి, ఆ వరస చివర ఆ ఖాళీ మిగిలింది కాబట్టి పుట్టింది. ఖాళీ కాయితం ముందు కూర్చుని ఏదన్నా సృష్టించు అంటే నాకు పన్నెండేళ్లప్పుడు ఏమొచ్చేది? ఇప్పుడు కూడా రాదు. నా ముందు ఏ పాటలున్నాయి, అవి నన్ను ఏ శ్రుతిలో వదిలాయి, అందులోంచే వస్తుంది.

ఇప్పుడు ఫోనులో ఆ పని యంత్రం చేస్తుంది. ఇది విన్నవాళ్లు అది కూడా విన్నారు, కాబట్టి నువ్వూ విను, అంతే దాని లెక్క. నేను దాన్ని తిట్టను. యాడో మారుమూల పాడిన పాటను నా దాకా తెచ్చిన రోజులున్నాయి. కానీ ముప్ఫై సెకన్లు దాటితేనే ఒకసారి విన్నట్టు లెక్కేసే చోట, పాట కట్టేవాడు ఆ ముప్ఫై సెకన్లలోనే అంతా కుమ్మరించాలని చూస్తాడు. నిదానంగా మొదలయ్యే పాట మీదికి చెయ్యి పోతుంది, జరిపేస్తుంది. ఇది కొత్త వన్స్‌మోర్. అయితే గోనెపట్టా మీద కూర్చున్నాయన కనీసం పద్యం మొత్తం విని అరిచేవాడు.

నా సంగతి చెప్తాను. మా అమ్మ పోయిన నెలలో రాత్రిళ్లు ఒకే పాట పెట్టుకునేదాన్ని. ఆ ఫోను ఆ తర్వాత ఆరు నెలలు నాకు ఏడుపు పాటలే ఇచ్చింది. అమ్మ ఏడో నెల మాసికం అయినాక కూడా. మనిషైతే ఏం చేస్తాడు? మా చెల్లెలు ఒకరోజు వచ్చింది, నా చేతిలోంచి ఫోను తీసి, చిన్నప్పుడు మేమిద్దరం బావి దగ్గర పాడుకున్న కోలాటం పాట తనే ఎత్తుకుంది. "అక్కా, ఇంక చాలు" అన్నది. ఎప్పుడు చాలో అది యంత్రానికి తెలియలేదు, చెల్లెలికి తెలిసింది.

అందుకని నా దగ్గరికొచ్చే పిల్లలకు ఒక పని పెడతాను. శనివారం ఒక్కొక్కరు ఒక్క పాట తేవాలి. అందరికీ కాదు, పక్కన కూర్చునే ఒక్కరికోసం. వాళ్లకే ఎందుకు తెచ్చావో రెండు ముక్కల్లో చెప్పాలి. మొదట్లో చేతకాదు పాపం, "బాగుంటుంది టీచర్" అంటారు. బాగుంటుంది అంటే కూర్చోబెట్టను. ఏ చోట బాగుంది? గొంతా, తాళమా, మాటా? మన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం గారు 1996 నుంచి పాడుతా తీయగాలో చేసింది ఇదే కదా. పాట పాడించే ముందు ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఏ అక్షరం దగ్గర జాగ్రత్త పడాలి, విడమరిచి చెప్పారు. ఊరికే పోటీ పెట్టి ఉంటే పాడేవాళ్లు మాత్రమే తయారయ్యేవాళ్లు. ఆయన వినేవాళ్లను కూడా తయారుచేశారు.

మైపాడు వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు వాళ్ల తాత దగ్గర నుంచి వల లాగే పాట తెచ్చాడు. సిగ్గుపడుతూ తెచ్చాడు, ఇది సంగీతమేనా టీచర్ అని. వయొలిన్ నేర్చుకునే ఒక పాప కోసం తెచ్చాడు. ఎందుకురా అంటే, "ఆమె ఊపిరి ఆపుకుని వాయిస్తుంది టీచర్, ఇందులో లాగుడికీ లాగుడికీ మధ్య ఊపిరి తీసుకునే చోటుంది" అన్నాడు. పదమూడేళ్ల పిల్లవాడు! ఆ పాప పది రోజులు ఆ పాట విన్నది. ఆమె కమాను నడక మారింది. స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లడం, చేసేటప్పుడు ఒక్క చోట ఆగి, గాలి పీల్చినట్టు పీల్చి, మళ్లీ లాగుతుంది. నేను మూడేళ్లు చెప్పి చేయించలేకపోయింది ఆ పిల్లవాడు ఒక్క పాట ఇచ్చి చేయించాడు.

మన స్వర్ణాల చెరువు రొట్టెల పండగలో చూడండి. ఎవరి రొట్టె వాళ్లు తినరు. కోరిక తీరినవాళ్లు ఆ కోరిక పేరు చెప్పి రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడతారు, అది కోరుకునేవాళ్లు వచ్చి అందుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె. తెలియని మనిషి చేతిలోంచి తెలియని మనిషి చేతిలోకి పోతుంది, కానీ ఎందుకిస్తున్నామో ఇద్దరికీ తెలుసు. పాట పంపేటప్పుడు కూడా దాని పేరు చెప్పి పంపండి నాన్నా. గ్రూపులో పడేసి పోకండి.

చివరగా ఒకటి వినిపించాలని తెచ్చాను. 1980లలో కోవూరు దగ్గరి పల్లె నుంచి ఒకామె అంగడికి వచ్చింది, కొడుకు కువైట్‌లో ఉన్నాడు, ఉత్తరం రాయడం రాదు. పాటలతో క్యాసెట్ చేసి పంపాలి. నాన్న మూడు ప్రశ్నలూ అడిగాడు. ఆమె అన్ని పాటలూ చెప్పలేక, "వాడు చిన్నప్పుడు నేను పాడింది ఒకటుంది, అది ఎవురూ రికార్డు చెయ్యలా" అన్నది. నాన్న మైకు ఆమె ముందు పెట్టాడు. పాడింది. ఆమె పాట అయినాక టేపు ఇంకా కొంచెం మిగిలితే, ఆ శ్రుతిలోంచే ఎత్తుకుని నన్ను పాడమన్నాడు. ఆ అబ్బాయి ఇప్పుడు అరవై దాటిన మనిషి. పోయిన సంక్రాంతికి వెతుక్కుంటూ వచ్చి, "అమ్మ తర్వాత పాడిన పాప మీరేనా" అని ఈ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. మీకు వినిపించొచ్చునా అని అడిగాను, వినిపించమన్నాడు. అట్టమీద నా చేతిరాత ఉంది చూడండి. ఆమె పాట దగ్గర రాసినవారి పేరు, కట్టినవారి పేరు రాసే చోట "అమ్మ" అని రాశాను.

ఆ మైకు టేపు రికార్డరుకు దగ్గరగా పెట్టు నాన్నా. ఫ్యాన్లు ఆపండి ఒక్క నాలుగు నిమిషాలు. ముందు ఆమె గొంతు వస్తుంది, తర్వాత నాది. తర్వాత ఒక అర నిమిషం ఖాళీ టేపు తిరుగుతుంది. అయిపోయిందని ఎవరూ లేవొద్దు, అది కూడా వినండి. పెట్టు.